వచ్చేస్తున్నారు

"సార్ వచ్చేస్తున్నారు, కూర్చోండి" అన్నాడు అటెండరు. అనేసి గోడ గడియారం వైపు కూడా చూడకుండా వెళ్లిపోయాడు. చూడలేదు కాబట్టే నాకు అర్థమైపోయింది, ఆ సార్ ఇంకా ఇంట్లో చొక్కా గుండీలు కూడా పెట్టుకుని ఉండడు. ఈ మాట నాకేమన్నా కొత్తా, ఈ మాట మీదే కదా నా సంసారం నడుస్తోంది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోను దగ్గర కూర్చుంటాను నేను. ఊళ్లో ఏ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయినా లోపల ఇరుక్కున్నవాళ్లు ఎర్ర మీట ఒత్తుతారు, అది నా చెవిలో మోగుతుంది, నేను గొంతులో కాస్త నవ్వు కలిపి "కంగారు పడకండి, మెకానిక్ వచ్చేస్తున్నారు" అంటాను. ఆ క్షణానికి మెకానిక్ ఎక్కడున్నాడో నాకూ తెలీదు, చాలాసార్లు ఏ మెకానిక్‌ని పంపాలో కూడా తేలి ఉండదు. వస్తున్నారు అంటే ఇంకా బయల్దేరలేదని అర్థం. వచ్చేస్తున్నారు అంటే బయల్దేరాలన్న సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదని. ఇదిగో వచ్చేశారు అంటే ఇప్పుడే ఆయనకి ఫోన్ కలుపుతున్నామని. దగ్గర్లోనే ఉన్నారు అన్నామంటే మాత్రం ఇక ఎవరికి మొక్కుకుంటారో మీ ఇష్టం. ఇంత తెలిసినదాన్ని, అటెండరు అనగానే సరేనండీ అని బుద్ధిగా బెంచీ మీద కూర్చున్నాను. పైగా ఆయన అన్న తీరు చూసి మెచ్చుకున్నాను కూడా, చివర గొంతు కొంచెం సాగదీశాడు, పనితనం ఉన్న మనిషి.

బెంచీ చల్లగా ఉంది. మ్యూజియం వాసన ఇదేనేమో, పాత చెక్కా, తుడిచిన నేలా. ఎదురుగా మూసిన తలుపు, దాని వెనకాల ఇంటర్వ్యూ గది. పక్క గదిలోనే ఉన్నాయి నా రాళ్లు. నా రాళ్లు అని అప్పుడే అనేసుకుంటున్నాను, ఉద్యోగం ఇంకా ఎవరూ ఇవ్వలేదు. రాళ్ల గదికి కాపలా మనిషి కావలెను అన్న ప్రకటన మా ఆయన పైకి చదివిన రోజు నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. గదిలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి, ఎవరూ రాళ్లని ముట్టుకోకుండా చూడాలి, అంతే. రాళ్లు ఎక్కడా ఇరుక్కోవు. మీట ఒత్తవు. ఇంకా ఎంతసేపని అడగవు. లక్షల ఏళ్ల నుంచి ఊరికే ఉన్నాయి, ఇక ముందూ ఊరికే ఉంటాయి, వాటి పక్కన నేనూ ఊరికే ఉంటాను. బడి వదిలే వేళకి మ్యూజియం తలుపులు మూసేస్తారట, అప్పుడు నేను ఇంటికి వెళ్లిపోవచ్చట, పొద్దుండగానే. ఆ ముక్క దగ్గర మా ఆయన చదవడం ఆపి నా మొహం చూశాడు. నేను కూర తరుగుతున్నట్టు నటించాను, చేతిలో కూరే లేదు.

ఉద్యోగంలో ఒత్తిడి ఉందా అని అడిగాడు ఆ మధ్య డాక్టరు, రక్తపోటు చూడటానికి నా చేతికి పట్టీ చుట్టి బుడ్డి నొక్కుతూ. ఉందా అంటే ఏం చెప్పను, జనం మీట ఒత్తడమే నా ఉద్యోగం, వాళ్లు ఒత్తుతారు, నాకు ఒత్తిడి. ఇంట్లో కుక్కర్ కూత వేస్తే "కంగారు పడకండి" అంటున్నానని, కాలింగ్ బెల్ మోగితే ఏ అంతస్తు అని అడుగుతున్నానని, ఒకసారి స్నానాల గదిలో గడియ బిగుసుకుపోయి మా అత్తయ్య తలుపు కొడితే "అమ్మా, మీతో లోపల ఇంకెవరైనా ఉన్నారా" అని అడిగానని ఆయనకి చెప్పలేదు. అత్తయ్య ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు, బంధువులెవరొచ్చినా చెప్పి నవ్విస్తుంది.  డాక్టరు పట్టీ విప్పుతూ "తేలికపాటి ఉద్యోగం ఏదైనా చూసుకోండమ్మా, లేకపోతే మాత్రలు మొదలుపెట్టాలి" అన్నాడు, అక్కడికి తేలికపాటి ఉద్యోగాలు మందుల షాపులో అమ్ముతున్నట్టు. మా ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డ్రైవింగ్ నేర్పుతాడు. రోజంతా కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు, ఇంటికొచ్చి తల దిండుకి తగిలేలోపు గుర్రు. నీకు భయం వేయదా అంటే, "నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదే, నీ దగ్గర లేదు, అదీ తేడా" అన్నాడు. ఆయన జీవితంలో అన్న ఒకే ఒక్క తెలివైన మాట అది, అనేసి అటు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు నుంచీ బ్రేకున్న ఉద్యోగం వెతుకుతున్నాను. పూల దుకాణంలో ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను, అక్కడ పనిచేసే ఆవిడ నా ముందే ఒక కొనుగోలుదారుణ్ణి గులాబీ కట్టతో కొట్టబోయింది. లైబ్రరీలో అడిగితే, లైబ్రేరియన్ గుసగుసగా "ఫ్యాను కింద కుర్చీ కోసం జనం ఎలా కొట్టుకుంటారో తెలుసా" అన్నాడు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి పాపం. అక్వేరియం చేపలమ్మే కొట్లో చేపలు రోజూ చచ్చిపోతాయట, ఆ బాధ ఎవరు పడతారు. చివరికి మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేస్తే, అది పెద్ద ఆఫీసులో పనిచేస్తుంది, పడిపడి నవ్వి "ఒత్తిడి లేని ఉద్యోగం అంటూ ఒకటి ఉంటే మా పైవాళ్లే పంచేసుకునేవాళ్లు కదే, మన దాకా రానిస్తారా" అంది. దాని నోట్లోంచి ఎప్పుడూ శుభం రాదు. రాళ్ల సంగతి అందుకే దానికి చెప్పలేదు, చెబితే అదీ దరఖాస్తు పెట్టేస్తుంది.

ఎంతసేపైంది. అటెండరు ఇటుగా వెళుతూ అడక్కుండానే "దారిలో ఉన్నారమ్మా" అన్నాడు. అంటే చొక్కా తొడుక్కున్నాడు. ఈ వసారా ఎంత నిశ్శబ్దంగా ఉందో, నా ఊపిరి నాకే వినపడుతోంది. నిశ్శబ్దం మంచిదని అందరూ అంటారు గానీ నా పనిలో అంతకంటే చెడ్డది లేదు. లిఫ్టులో ఇరుక్కున్న మనిషి తిడుతున్నాడా, ఫరవాలేదు. ఏడుస్తున్నాడా, అదీ ఫరవాలేదు. కంపెనీని కోర్టుకి ఈడుస్తానంటున్నాడా, మరీ మంచిది, ఓపిక ఉన్నట్టు. ఉన్నట్టుండి మాట ఆగిపోయిందో, అవతల మనిషి నేల మీద కూలబడ్డాడన్నమాటే. వెంటనే ఏదో ఒకటి అడగాలి, పేరేంటి, పిల్లలెంతమంది, పొద్దున ఏం తిన్నారు, చీకటిగా ఉందా, గోడకి ఆనుకుని కూర్చోండి, మాట్లాడుతూ ఉండండి. ఇప్పుడు నా పక్కన బెంచీ చివర ఒకావిడ కూర్చుని ఉంది, చిన్నపిల్లల బళ్లో టీచరట, తనూ రాళ్ల కోసమే వచ్చింది, వచ్చినప్పుడు రెండు మాటలు మాట్లాడింది. ఇప్పుడు మాట్లాడటం లేదు. తల గోడకి ఆనించింది, నోరు కొంచెం తెరుచుకుంది, చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి.

ఆలోచించే వ్యవధి ఎక్కడ, నోరు తనంతట తానే తెరుచుకుంది. "అమ్మా, నా మాట వినపడుతోందా? ఊపిరి ఆడుతోందా? తలుపులు లాగొద్దు. నెమ్మదిగా గాలి పీల్చండి, మెకానిక్ వచ్చేస్తున్నారు!" ఆ వసారాలో నా గొంతు ఆ చివర నుంచి ఈ చివరకి మోగింది. టీచరమ్మ దిగ్గున లేచి నిలబడి, కళ్లు తెరవకుండానే "ఎవర్రా అది! చేతులు కట్టుకోండి! నోటి మీద వేలు!" అని అరిచింది. దూరంగా నడుస్తున్న అటెండరు ఠక్కున ఆగి చేతులు కట్టుకున్నాడు. నాకూ తెలియకుండా నా వేలు నా నోటి మీదకి వెళ్లిపోయింది. తర్వాత ముగ్గురం ఒకర్నొకరం చూసుకున్నాం. పాపం ఆవిడ నిద్రపోయిందంతే. "ఎన్నేళ్లయిందో తెలుసాండీ పగలు కునుకు పట్టి" అంది, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో, "నలభైమంది పిల్లలు. ఇక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉందో అనుకున్నానో లేదో పట్టేసింది. ఎవరో మెకానిక్ వస్తున్నాడన్నారు?" ఎవరూ రావటం లేదండీ, పడుకోండి అన్నాను సిగ్గుపడుతూ. ఎవరూ రావటం లేదు అన్న మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా అనిపించింది. ఆవిడ మళ్లీ గోడకి ఆనుకుంది, ఈసారి నా వైపు నుంచి కాస్త దూరంగా జరిగి.

మా ఆఫీసులో ఆ మాట అనకూడదు. మా సూపర్‌వైజర్‌ని అందరం చిరునవ్వు అంటాం. మాట్లాడేటప్పుడు నవ్వితే ఫోనులో కూడా నవ్వు వినపడుతుందంటాడు, మా బల్లల ముందు అద్దాలు పెట్టించాడు, ఏడుస్తున్న మనిషితో మాట్లాడుతూ అద్దంలో నన్ను నేను చూసుకుంటే పళ్లపొడి ప్రకటనలా ఉంటాను. ఆయన దగ్గర నిషేధించిన మాటలు కొన్ని ఉన్నాయి. తెలీదు అనకూడదు. ఆలస్యం అనకూడదు. ఎవరూ లేరు అని చచ్చినా అనకూడదు. ఉన్న మెకానిక్‌లలో మంచివాడు సుడిగాలి, అతని నెమ్మది చూసి పెట్టిన పేరది, వస్తే మాత్రం పని చక్కగా చేస్తాడు, రావడమే పుణ్యకాలం గడిచాక. ఒకసారి ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టులో పై ఇంటాయన, కింద ఇంటాయన కలిసి ఇరుక్కున్నారు, బండి నిలిపే చోటు దగ్గర గొడవై ఏళ్ల తరబడి మొహాలు చూసుకోనివాళ్లు. సుడిగాలి వచ్చేలోపు నేను వాళ్ల గొడవ మొత్తం విన్నాను, ఇద్దరికీ సర్దిచెప్పాను, ఇద్దరూ ఏకమయ్యారు, ఏకమై నన్ను తిట్టారు. "ఇందాకటి నుంచీ వచ్చేస్తున్నారు, వచ్చేస్తున్నారు అంటావేంటమ్మా, నువ్వు మనిషివా, టేపువా?" అన్నాడు కింద ఇంటాయన. నేను అద్దంలో చూసుకుంటూ నవ్వుతూనే ఉన్నాను. టేపువా అన్న ముక్క మాత్రం లోపలికి దిగింది, చాలా రోజులు దిగే ఉంది.

ఫోను వణికింది. నా బదులు కూర్చున్న తోటి అమ్మాయి రాసింది, చిరునవ్వు అడుగుతున్నాడు, పన్ను పీకించుకోవడానికి ఇంతసేపా, ఎక్కడున్నావ్ అని. పన్ను నొప్పి అని చెప్పి వచ్చాను కదా, ఏ వైపు పన్ను అని చెప్పానో గుర్తులేదు, రేపు ఏ బుగ్గ పట్టుకోవాలో. సమాధానం ఏం రాయాలా అని ఆలోచించేలోపే నా వేళ్లు రాసేశాయి, వచ్చేస్తున్నా అని. చూసుకుంటే నాకే వెగటు పుట్టింది. మ్యూజియం బెంచీ మీద కదలకుండా కూర్చుని వచ్చేస్తున్నానట. అటెండరు మళ్లీ కనిపించి "గేటు దగ్గరికి వచ్చేశారమ్మా" అన్నాడు, చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాడు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంట్లో నా భాష బాగా తెలిసింది దానికే. ఒక రోజు మా ఆఫీసులో ఫోన్లన్నీ మొరాయించి, ముందే ఇంటికి పంపేశారు. మెట్లెక్కుతుంటే అది ఫోన్ చేసింది, అమ్మా ఎప్పుడొస్తావ్ అని, వచ్చేస్తున్నానే అన్నాను, నిజంగానే మెట్ల మీద ఉన్నాను, దాన్ని ఆశ్చర్యపరుద్దామని మా ఇంటి మెట్లే అని చెప్పలేదు. గుమ్మం బయట చెప్పులు విప్పుతుంటే లోపల మాటలు వినపడ్డాయి. "మీ అమ్మ ఏమంది?" అంది అత్తయ్య. "వచ్చేస్తున్నానంది." "అయితే కాసేపు ఆగుదామా?" "అబ్బ నానమ్మా, వచ్చేస్తున్నానంటే ఇంకా కుర్చీలోంచి లేవలేదని. మనం తినేద్దాం." కోపం లేదు దాని గొంతులో, బాధా లేదు, వాన వస్తోంది కిటికీ వెయ్యి అన్నట్టు అంది. కంచాలు పెట్టిన చప్పుడైంది. నేను బెల్లు కొట్టలేదు. వాళ్లు తినడం అయ్యేదాకా ఆ గుమ్మం బయటే నిలబడ్డాను, పిల్ల మాట అబద్ధం చేయడం ఇష్టంలేనట్టు. ఊరందరికీ ధైర్యం చెప్పే గొంతు ఇది, నా ఇంట్లో నా కూతురే దీన్ని నమ్మటం లేదు. నాకు రక్తపోటు భయం లేదు, మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది. దీనికి మాత్ర లేదు. అందుకే నాకు రాళ్లు కావాలి, నోరు తెరవాల్సిన పని లేని చోటు కావాలి, పొద్దుండగా ఇంటికి వెళ్లి ఆ పిల్ల ఎదుట నోరు మూసుకుని ఊరికే కూర్చోవాలి. ఈ ఉద్యోగం రాకపోతే మళ్లీ ఆ అద్దం ముందుకి వెళ్లడం నావల్ల కాదు.

"రండమ్మా, పిలుస్తున్నారు" అన్నాడు అటెండరు. సార్ ఇంకో తలుపులోంచి ఎప్పుడు వచ్చాడో గానీ వచ్చి కూర్చునే ఉన్నాడు, పక్కన కళ్లజోడు మేడం ఒకావిడ. కూర్చోమన్నారు. ఇప్పుడేం చేస్తున్నారు, ఎందుకు మానేద్దామనుకుంటున్నారు అని అడిగారు, తేలిక పని కోసం అని నిజమే చెప్పాను. సార్ కుర్చీలో వెనక్కి వాలి "చూడండి, రాళ్ల గదిలో పనేం ఉండదు. ఒక్క సంగతి. పై అంతస్తు మూసి ఉంది, చాలా ఏళ్లుగా. వచ్చినవాళ్లందరూ అదెప్పుడు తెరుస్తారని అడుగుతారు. మీరేం చెప్తారు?" అన్నాడు. అడిగేలోపే నా నాలుక మీదకి వచ్చేసింది, పళ్లు బయటపడ్డాయి, గొంతులో నవ్వు కలిసిపోయింది, త్వరలోనే తెరిచేస్తారండీ అన్న మాట పెదాల దాకా వచ్చి నిలబడింది. అద్దం లేని గదిలో కూడా నా మొహం నాకు కనపడింది. ఇక్కడా ఇదేనా. రాళ్ల మధ్య కుర్చీ వేసుకుని కూడా ఇదే మాట చెప్పుకుంటూ బతకాలా. నన్ను తినేస్తున్నది మోగే ఫోను కాదు, ఈ మాటే, ఆ సంగతి బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నా తట్టలేదు, ఇప్పుడు తట్టింది, ఉద్యోగం చేతికొచ్చే వేళకి. "అసలు ఎప్పుడు తెరుస్తారండీ?" అని అడిగాను. సార్ మేడం వైపు చూశాడు. "అది మాకే తెలీదు" అన్నాడు. "అయితే తెలీదనే చెప్తానండీ" అన్నాను. నవ్వు కలపకుండానే మాట పూర్తిగా వచ్చింది. పోయాయి నా రాళ్లు అనుకున్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనిచ్చాను, అది నాకెంత కష్టమో వాళ్లకేం తెలుసు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "మిమ్మల్ని రాళ్ల గదిలో పెడితే రాళ్లతో మాట్లాడతారండీ. ఇందాక తలుపవతల మోగింది మీ గొంతే కదా" అంది. తర్వాత సార్‌తో మెల్లిగా ఏదో అంది, సార్ నుదురు రుద్దుకున్నాడు. "కింద ఎంక్వైరీ కౌంటర్ ఉంది" అన్నాడు, "జనం, అరుపులు, బడిపిల్లలు. ఎవరూ నిలవటం లేదు, మొన్న మానేసినతను టోపీ కిటికీలోంచి విసిరేసి వెళ్లిపోయాడు. ఎవరేం అడిగినా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కావాలి. వేళలు ఇవే. చేస్తారా?" ఒత్తిడి తక్కువ ఉద్యోగం కోసం వచ్చి ఈ భవనంలోకల్లా గోల ఎక్కువున్న కుర్చీకి తల ఊపాను. ఎప్పుడు చేరతారు అన్నాడు. ఇప్పుడే వచ్చేస్తాను అని అనలేదు, నెల ముందు చెప్పాలండీ, ఆ తర్వాతే రాగలను, ముందు రాలేను అన్నాను. "అయితే అప్పటిదాకా కౌంటర్ మూసే ఉంచుతాం" అన్నాడు సార్. రాళ్లు టీచరమ్మకి ఇవ్వండి, బాగా చూసుకుంటుంది అని చెప్పి బయటికొచ్చాను. ఆవిడ బెంచీ మీద గాఢనిద్రలో ఉంది, చేతులు కట్టుకున్న అటెండరు ఆవిడని లేపడానికి జంకుతూ నిలబడ్డాడు.

కిందికి దిగాను. మెట్ల పక్కనే ఉంది కౌంటర్, గాజు తలుపు దించేసి, దాని ముందు జనం వరస. గాజుకి అంటించిన అట్ట మీద సిబ్బంది కొద్దిసేపట్లో వస్తారు అని ఉంది, ఎండకి అక్షరాలు వెలిసిపోయి. వరసలో ముందున్న పెద్దాయన కర్ర మీద బరువంతా వేసి నిలబడ్డాడు, కాళ్లు వాచి చెప్పుల పట్టీలు బిగుసుకుపోయాయి. ఆఫీసు లోపల్నుంచి వస్తున్నదాన్ని కదా, నన్ను చూసి ముఖం వెలిగింది. "ఎవరైనా వస్తున్నారా తల్లీ?" అన్నాడు. నాకు భయం వేసింది, ఈ మాట విని ఈయన కూలబడితే ఎలా అని నిజంగానే భయం వేసింది. "లేదండీ" అన్నాను, "ఎవరూ రావటం లేదు. ఇవాళే కాదు, ఈ నెలంతా రారు." ఆయన నన్నే చూశాడు. వెనక వరస మొత్తం నా వైపే చూసింది. తిడతారని ఎదురుచూశాను. పెద్దాయన కర్ర చంకన పెట్టుకుని, రెండు చేతులూ జోడించి "అమ్మయ్య, ఈ ముక్క చెప్పేవాళ్లు లేక పొద్దున్నుంచీ నిలబడి ఉన్నానమ్మా" అన్నాడు, అని హాయిగా ఇంటికి వెళ్లిపోయాడు.